తంగేడు పూసిన త్రోవ

కష్టపడి బ్రదుకువానికి పూలు చూచుచు నిలుచుటకు తీరిక ఎక్కడిదని మన గ్రామ సంఘములలో పెద్దలు అడుగుట కద్దు. ఆ ప్రశ్న తేలికైనది కాదు. అప్పు తీర్చవలసిన రైతుతోను, దినకూలికి పోవు తల్లితోను గుట్టమీది రంగులను చూచి సంతోషించుమని చెప్పినయెడల అది కడుపు నిండినవాని మాటవలె వినబడును. మరియొక ప్రక్క, కారులోను బస్సులోను పోవుచు దారి పొడుగున అందమును చూచి మురియు ప్రయాణికుడు ఆ దారిలో బ్రదుకు మనుష్యులను చూడకయే పోవుటయు మనమెరుగుదుము. సృష్టి సౌందర్యమును అనుభవించుట మంచిదా? లేక అది ఇతరుల కష్టమును మరపించు మత్తువంటిదా? ఈ నెల మనము యోచింపవలసిన సంగతి ఇదియే.

ఈ ప్రశ్నను గాలిలో విడువక మనకు తెలిసిన ఒక త్రోవమీద నిలిపి చూతము. హైదరాబాదునుండి వరంగల్లునకు పోవు రహదారి ఉప్పల్, ఘటకేసర్, బీబీనగర్ దాటి భువనగిరి మీదుగా సాగును. రాయగిరియొద్ద యాదగిరిగుట్టకు దారి చీలును. నగరమునుండి గుట్టకు సుమారు 60 కిలోమీటర్లు. గుట్టమీది ఆలయము 2022లో క్రొత్తగా కట్టబడి తెరువబడినది. అచ్చటికి మన పొరుగువారు వేలకొలది యాత్రకు వచ్చుచుందురు. మనవారును పెండ్లిండ్లకు, ఆసుపత్రులకు, సంఘ కూటములకు ఆ దారినే పోవుదురు. ఇన్ని బండ్లు పోవు ఈ దారి ఆశ్వయుజ మాసములో ఎట్లుండునో నిదానించి చూచువారు కొద్దిమందియే.

చల్లని దేశములలో శరత్కాలమున ఆకులే పూలవలె రంగు మారును. అమెరికాకు ఉద్యోగములకు పోయిన మన పిల్లలు అక్టోబరు నెలలో ఆ ఆకులను చూచుటకే కారులలో దూరప్రయాణములు చేసి, ఛాయాచిత్రములు తీసి ఇంటికి పంపుచుందురు. అక్కడ పగటికాలము తగ్గి చలి పెరుగగా ఆకులోని పత్రహరితము విరిగిపోవును. అంతవరకు దాని చాటున దాగియున్న పసుపు అప్పుడు బయలుపడును. మేపుల్ వంటి చెట్ల ఆకులలో ఎరుపు ఆ కాలముననే క్రొత్తగా పుట్టును. మన మెట్టసీమలో ఆలాగు జరుగదు. మన చెట్లు ఆకు రాల్చుట చలికి కాదు, నీటికరవునకే; అదియు మాఘ ఫాల్గుణములలో జరుగును. మన శరత్కాలపు రంగులు ఆకులలో లేవు, నేలమీది పూలలో నున్నవి.

వానలు వెనుకబట్టిన తరువాత ఈ త్రోవకు ఇరుప్రక్కల తంగేడు పూయును. రాతినేలలో, గట్లమీద, ఏ పైరును నిలువని పోరంబోకులో అది గుబురుగా పెరిగి బంగారువంటి పసుపును పరచును. తెలంగాణము 2014లో దీనిని రాష్ట్రపుష్పముగా ప్రకటించినది. జొన్న చేలలోను కంది చేలలోను గునుగు లేచును. దాని కంకి మొదట వెండివలె తెల్లన, కొనను లేత గులాబి. తీగమీద కూర్చున్న పాలపిట్ట మాసిన గోధుమరంగు పక్షివలె కనబడి, ఎగిరినంతనే రెక్కలలో నీలము మెరయును. విచిత్రమేమనగా ఆ నీలము పూసిన రంగు కాదు. ఈకలోని అతిసూక్ష్మమైన అమరిక వెలుగును విరజిమ్ముటచేత మన కన్నులకు నీలముగా తోచును. ఆ ఈకను నలిపి పొడిచేసినయెడల నీలము నిలువదు. ఈతచెట్లకు, బావిమీదికి వంగిన తుమ్మకొమ్మలకు గిజిగాని గూళ్లు వ్రేలాడుచుండును. మగపక్షి గడ్డిని, ఈతాకును సన్నని పోచలుగా చీల్చి సగము గూడు అల్లగా, ఆడపక్షి వచ్చి పరీక్షించును. అది ఒప్పుకొనినగాని పని ముగియదు. వీటన్నిటి వెనుక భువనగిరి బండ నిలిచియున్నది. ఈ సీమ రాయి సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందటిదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కొన్ని దినములలో రాలిపోవు తంగేటిపూవు ఆ బండ నెర్రెలోనే పూచును.

ఇప్పుడు మన పెద్దల ప్రశ్నకు వత్తము. మన ప్రభువు పొలములోని పువ్వులను చూడుమని చెప్పినది ఎవరితోనో జ్ఞాపకము చేసికొనుడి. తీరికగా విహారమునకు వెళ్లినవారితో కాదు. రేపటి తిండికి ఏమి చేయుదుము, బట్టకు ఏమి చేయుదుమని చింతించువారితోనే. మత్తయి సువార్త గ్రీకు మూలములో అచ్చట వాడబడిన క్రియకు ఊరక కన్నెత్తి చూచుట అని అర్థము కాదు, శ్రద్ధగా పరిశీలించి నేర్చుకొనుట అని అర్థము. శిష్యుడు అను గ్రీకు పదమును ఆ ధాతువునుండియే పుట్టినది. ఆయన ఆ మాటలోనే ఆ గడ్డి రేపు పొయ్యిలోనికి పోవునని కూడ చెప్పెను. కట్టెలు కరవైన ఆ దేశములో బీదల ఇండ్లలో ఎండుగడ్డితోనే మట్టిపొయ్యిలు రాజుకొనెడివి. పూవును మెచ్చుకొనుచున్నప్పుడే ఆయనకు బీదవాని పొయ్యి కనబడెను. చూచుట అనగా ఏమో మనము ఇచ్చటనే నేర్చుకొనవలెను.

ఆలాగున తంగేడును నేర్చుకొందము. దాని కంప మన పొయ్యిలోనికి పోవును. దాని పుల్లతో పండ్లు తోముకొందుము. దాని చెక్కలో పచ్చితోలును కుళ్లనీయక గట్టిపరచు ఒగరు గుణమున్నది. అందుచేత మన తాతల కాలములో ఆ చెక్కను కొట్టి తెచ్చి లందలలో తోళ్లతో ఊరవేసిరి. ఆ తోలే రైతు కాళ్లకు చెప్పులైనది, బావినుండి నీరు తోడు మోటకు తొండమైనది, పండుగనాడు మ్రోగు డప్పైనది. ఊరంతటికి నీరును నడకయు ఆ తోలువలన కలిగినను, లందలో చేతులు నానబెట్టినవారిని మాత్రము ఊరు వెలుపలనే ఉంచెను. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది; మనస్సులలో అది రద్దగుటకు ఇంకను పని యున్నది. చెట్టు ఒక్కటే. దాని పూవు ఊరి నడుమకు ఊరేగింపుగా పోయెను, దాని చెక్క ఊరి వెలుపలికి పోయెను. మన సంఘములలో అనేకుల పితరుల చేతులకు ఆ చెక్క రంగు అంటియున్నది. తంగేటి పసుపును చూచి ఆనందించువాడు ఈ సంగతి ఎరిగియుండవలెను. అది ఎరిగినంత మాత్రమున పసుపు మాసిపోదు. ఆ చేతులను ఎంచనివాడు ఆ చెట్టును సగమే చూచినవాడగును.

గునుగు కథ మరియొక తీరుది. అది రైతునకు కలుపు మొక్క. నల్లగా మెరయు సన్నని గింజలను అది వేలకొలది రాల్చును గనుక ఒక యేడు విడిచిపెట్టినయెడల మరు యేడు చేను నిండును. ఎండలో వంగి దానిని పెరికివేయువారు మన తల్లులును అక్కచెల్లెండ్రును. అయితే మహాలయ అమావాస్యనుండి తొమ్మిది దినములు మన పొరుగు స్త్రీలు బతుకమ్మను పేర్చునప్పుడు ఆ కలుపు మొక్క పూవునే ఏరి తెచ్చి, కొన్నిటికి రంగులద్ది, తంగేడుతోను బంతితోను వరుసలుగా కూర్తురు. ఆ పండుగ ఆరాధన మనది కాదు. కాని అందులో మనము నేర్చుకొనవలసిన సంగతి యున్నది. ఏ మొక్క తమ నడుము విరుచుచున్నదో దాని అందమును మొదట కనుగొన్నవారు ఆ కష్టపడు స్త్రీలే. కష్టపడువానికి పూలెందుకను ప్రశ్నకు వారి చేతులే జవాబు చెప్పుచున్నవి. ఆనందము ధనవంతుల సొత్తు కాదు. కూలి చేయువాడు ఆ సంతోషమునకు తగడని తలంచుటయు అతనిని చిన్నచూపు చూచుటయే.

బండను గూర్చియు చెప్పవలెను. ఈ రాతినేలలోని ఖనిజములనుండి ఫ్లోరైడు కరిగి బోరునీటిలో కలియును. మర్రిగూడ మొదలైన మండలములలో ఆ నీరు త్రాగిన బిడ్డల పండ్లు గారపట్టెను, పెద్దల ఎముకలు బిగిసి వంగెను. బండ అందమును చూచినవారు ఎందరో యుండిరి. దానియొద్ద వంగిన వెన్నులను చూచినవారు కొందరే. ఆ కొందరు పరిశీలించి నేర్చుకొనిరి. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనాసంస్థ శాస్త్రజ్ఞులు 1970వ దశకములో పటికతోను సున్నముతోను ఫ్లోరైడును పేర్చి తీయు ఒక సులువైన పద్ధతిని రూపించిరి. దానికి నల్లగొండ పద్ధతి అనియే పేరు. తరువాత కృష్ణా జలము కొళాయిల ద్వారా అనేక గ్రామములకు చేరెను. పాలపిట్ట ఈకలో వెలుగు ఎట్లు చెదరునో చూడగలిగిన జాతి కన్నే, నీటిలో కనబడని విషమును కూడ పట్టుకొనినది. శ్రద్ధ రెండు విధములైనది కాదు. పూవును శ్రద్ధగా చూచుట అలవరచుకొనినవాడు మనుష్యుని శ్రద్ధగా చూచుటకు తగియుండును. అయినను ఆ చూపును పూవునుండి మనుష్యునివైపు త్రిప్పుట అతడు బుద్ధిపూర్వకముగా చేయవలసిన పని.

ఆ పని చేయనియెడల ఏమగునో ఈ దారిలోనే కనబడును. ఆశ్వయుజ కార్తికములలో గుట్టలమీద సీతాఫలములు పండును. స్త్రీలు తెల్లవారకమునుపే ముండ్లలో గుట్టలెక్కి, కాయలు కోసి, గంపలకెత్తుకొని దారిప్రక్కకు తెచ్చుదురు. పండిన సీతాఫలము రెండు దినములు నిలువదు. ప్రొద్దు గ్రుంకులోగా గంప ఖాళీ కావలెను. ఈ గుట్టలెంత చక్కనివని మెచ్చుకొనుచు బండి దిగినవాడే, ఆ గంపయొద్ద పది రూపాయల కొరకు బేరమును సాగదీయును. ఆమె ఇంటికి వట్టిచేతులతో పోలేదని అతనికి తెలియును, ఆ తెలిసిన సంగతినే తన లాభమునకు వాడుకొనును. గుట్టను ప్రేమించి, గుట్టనెక్కి దిగినవారిని ప్రేమింపనివాని ఆనందమునకు వేరు లేదు.

మరియొకటి, చూచుటకును పట్టుకొనుటకును భేదమున్నది. దసరానాడు పాలపిట్టను చూచుట శుభమని మన పొరుగువారు నమ్ముదురు. పక్షిని ఆకాశమున వెదకి చూచుట వారి పెద్దల అలవాటు. అయితే కొందరు దానిని వలవేసి పట్టి, పంజరములో పెట్టి, ఇంటింట చూపి డబ్బులడుగుదురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునుబట్టి అది నేరము. రెక్క విప్పలేని పాలపిట్టలో ఆ నీలము కనబడదు. మనమును తక్కువవారము కాము. విహారమునకు పోయి కొమ్మలు విరుచుట, బండమీద పేర్లు చెక్కుట, తిన్నచోటనే ప్లాస్టిక్ సంచులు విడుచుట, ఇవన్నియు పట్టుకొనుటలోని రకములే. దేవుడు ఆదియందు తాను చేసినదానిని చూచి మంచిదని పలికెనని ఆదికాండము చెప్పుచున్నది. ఆ మాట పలుకబడినప్పుడు దానిని కొనుటకుగాని కోయుటకుగాని అచ్చట ఎవరును లేరు. కావున చూచి మంచిదనుట దానంతట అదియే ఒక మంచి క్రియ.

అయితే ప్రతి పూవుయొద్దను మనము దుఃఖపడవలెనా యని ఎవరైన అడుగవచ్చును. ఎంతమాత్రము కాదు. తంగేడును చూచి పొంగిన హృదయము తప్పుచేసినది కాదు. ఆ పొంగు పూవుయొద్దనే నిలిచిపోకుండవలెనని మాత్రమే మన మాట. ఏదేని ఒక వస్తువును నిజముగా ప్రేమించినవాడు అది ఎక్కడనుండి వచ్చెనో, ఎవరి చేతులమీదుగా వచ్చెనో అడుగకమానడు. అడిగినవానికి ఆ పూవు చిన్నది కాదు, మరింత పెద్దదగును.

చదువరులారా, ఈ మాటలు వినుటతో విడిచిపెట్టక క్రియలో పెట్టుడి. మీ ఆదివార పాఠశాలలోని పిల్లలను ఒక ప్రొద్దున చేని గట్టునకు తీసికొనిపోయి పది మొక్కల పేర్లను, వాటి ఉపయోగములను వారి తాతమ్మల నోట చెప్పించుడి. ఆ పేర్లు ఆ వృద్ధులతోనే పోకముందే ఇది జరుగవలెను. లందయొద్ద పనిచేసిన పెద్దలు మీ ఊరిలో ఇంకను ఉన్నయెడల, ఆ పని ఎట్లు చేసిరో పిల్లల యెదుట వారిచేత గౌరవముగా చెప్పించుడి. దారిలో గంపయొద్ద ఆగినప్పుడు అడిగిన ధర ఇచ్చి, ఆమె ఏ గుట్టనుండి దిగివచ్చినదో విచారించుడి. మీ సంఘములో కోత పండుగ వచ్చినప్పుడు మొదటి కంకులతోను గుమ్మడికాయలతోను కూడ ఒక తంగేటికొమ్మను పీటయొద్ద నుంచుడి. విత్తని పంటకును, కలుపు తీసిన చేతులకును, లందలో నానిన చేతులకును కలిపి ఒక్కటే స్తోత్రము చెల్లింపుడి.