మంచి జాతి యనగా నేమి?



మందను మేపువారికి ఆదికాండము 30వ అధ్యాయము ఇష్టమైనది. లాబాను మందలో చారలు, మచ్చలు గల పిల్లలు తనకు జీతమని యాకోబు ఒడంబడిక చేసికొనెను. తరువాత చువ్వల తొక్క ఒలిచి, మందలు నీళ్లు త్రాగుచోట వాటి యెదుట పెట్టెను. అదియు బలమైనవి చూలు కట్టునప్పుడే. తల్లి చూచినదే పిల్ల ఒంటిమీద పడునని కొందరు నేటికిని నమ్ముదురు. అది నిజము కాదు. తరువాతి అధ్యాయము చదువుడి: కలలో యాకోబు చూచినది చువ్వలను కాదు, మందను దాటుచున్న మచ్చల పోతులను.

మరి మచ్చలేని మేకకు మచ్చల పిల్ల ఏల పుట్టును? గ్రెగోర్ మెండెల్ అను మఠవాసి నున్నని గింజల బఠాణీని ముడుతల గింజల బఠాణీతో కలిపెను. మొదటి కాపు అంతయు నున్ననిదే. వాటిని విత్తగా వచ్చిన 7,324 గింజలలో 1,850 ముడుతలవి. దీనిని అతడు 1866లో ప్రచురించెను. పైకి కనబడని గుణము నశింపలేదు, లోపల దాగియుండెను.

మన రైతులు ఒంగోలు గిత్తను కాడికొరకు, బండికొరకు ఏరి పెంచిరి. ఆ సంతతియే బ్రెజిల్ దేశములో నెలోర్ అను పేరున మాంసముకొరకు పెంచబడుచున్నది. ఇక్కడ మెడబలము మంచి, అక్కడ కండ మంచి. కాబట్టి మంచి జాతి యనగా యజమానుని అవసరమునకు తగిన జాతి యని మాత్రమే అర్థము.

ఈ కొలతతోనే మనుష్యులను కొలువవచ్చునా? కొలిచినవారు లేకపోలేదు. జర్మనీలో 1933లో చేసిన చట్టముచేత, చెడు సంతతి పుట్టకూడదని, సుమారు నాలుగు లక్షలమందిని బలవంతముగా గొడ్రాండ్రనుగాను, సంతానహీనులనుగాను చేసిరి.

దూరదేశపు మాట యని తోసివేయకుడి. నా చెల్లెలికి సంబంధము వచ్చినప్పుడు, అప్పటికే బోధకుడనైయున్న నేను, మొదట అడిగినది వారి కులము. పిల్లవాని నడతనుగూర్చి తరువాత అడిగితిని. ఒకే బల్లయొద్ద రొట్టె తిని, పెండ్లిమాట రాగానే వేరగుచున్నాము గదా?

ఆదికాండము మొదటి అధ్యాయమును మరల చూడుడి. పశువులు వాటి వాటి జాతి ప్రకారము సృజింపబడెనని పదే పదే వ్రాయబడినది. నరుని విషయములో ఆ మాట లేదు. దేవుని స్వరూపమను మాటయే యున్నది.

సంతలో గిత్త పండ్లు లెక్కించుడి, సుళ్లు చూడుడి. అది రైతు జ్ఞానము. మీ గడప యెక్కు అల్లుని, కోడలిని ఆ కంటితో చూడకుడి. మనుష్యుడు ఎవని కాడికొరకును పుట్టినవాడు కాడు.