పదహారులో ఏడు

మా చిన్నాయనకి ఒక అబద్ధం చెప్పాను. చెప్పి రెండేళ్ళు దాటింది. పెద్దదేం కాదు, ఒక అంకె. 7 అనాల్సిన చోట 13 అన్నాను. ఆలోచించినకొద్దీ అది అంకెల సంగతి కాదనిపిస్తోంది.

పెద్దదోర్నాల ఎక్కడో తెలియనివాళ్ళకి: మార్కాపురం వైపు నుంచి శ్రీశైలం పోతుంటే ఘాట్ మొదలయ్యే ముందు వచ్చే ఊరు. ఇక్కణ్ణుంచి ఒక దారి కొండెక్కి మల్లన్న దగ్గరికి పోతుంది. ఇంకోటి నల్లమల అడవిలోంచి ఆత్మకూరు మీదుగా కర్నూలుకి. పులులుండే అడవి కాబట్టి రాత్రిపూట గేటు వేసేస్తారు. గేటు పడ్డాక లారీల రొద తగ్గిపోయి, ఎక్కడో మూడో వీధిలో దగ్గినా మనింట్లో దగ్గినట్టే ఉంటుంది. ఈ ఊళ్ళోనే చిన్నాయన పాతికేళ్ళ పైచిలుకు మైకుసెట్టు నడిపాడు. పెళ్ళిళ్ళు, ఎలక్షన్లు, అన్నిటికంటే ముఖ్యంగా శివరాత్రి. కాలినడకన కొండకి పోయే జనం కోసం దారిలో అన్నదానం పందిళ్ళు వేస్తారు కదా, పందిరి ఉందంటే మైకు ఉండాల్సిందే. హారన్లు కట్టిన చెట్టు కిందే పడుకునేవాడు, వైర్లు ఎవరైనా కోసుకుపోతారని. తర్వాత డీజే బాక్సులు వచ్చాయి. మైకుసెట్టు అటకెక్కింది.

ఆయన సొంతానికి వినే సెట్టు మాత్రం వేరు. తొంభైల్లో హైదరాబాద్ కోఠీకి పోయి, గుజరాతీ గల్లీలో ట్రాన్స్‌ఫార్మరు, కెపాసిటర్లు, 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు కొనుక్కొచ్చి తనే సోల్డరింగ్ చేసుకున్న ఆంప్లిఫయర్ అది. ఆ కాలంలో మన దేశంలో చేత్తో కట్టిన ఆంప్లిఫయర్లలో ఎక్కడ చూసినా ఈ ట్రాన్సిస్టరే. ప్లైవుడ్ డబ్బా, పైన సన్‌మైకా, ముందు రేకు మీద ఎర్ర పెయింటుతో వాళ్ళమ్మాయి పేరు. వోల్టేజీ పడిపోయినా పనిచేసేది, పెరిగినా పనిచేసేది.

నేను ఉద్యోగంలో చేరిన కొన్నేళ్ళకి అందర్లాగే ఒక జబ్బు పట్టుకుంది. బడ్జెట్ హైఫై అంటారు. బడ్జెట్ అన్నారు కదా అని చవకనుకునేరు, నెల జీతంలో మంచి వాటా పోతుంది. ఒక ఆంప్లిఫయరు, ఒక సీడీ ప్లేయరు కొన్నాను. కంపెనీ పేరెందుకులెండి. కొనేముందు నెల రోజులు వాటి ఓనర్ల అనుభవాలు చదివాను. పాటకి అడ్డంగా ఉన్న తెర ఎవరో తీసేసినట్టుంది అని ఒకాయన. గొంతులో వెచ్చదనం వచ్చింది అని ఇంకొకాయన. కొన్న వారానికి నేనూ అలాగే రాశాను. వెచ్చదనం, లోతు, చిక్కదనం. రాస్తూ ఉంటే ఎక్కడో విన్న మాటల్లా అనిపించాయి. నేను కవితా సంకలనాల మీద రాసే సమీక్షల్లో వాడేవీ ఇవేగా!

ఇంజనీరింగ్ చదివినవాడికి ఒక ముల్లు గుచ్చుతూనే ఉంటుంది. సీడీ 1982లో బజారుకొచ్చింది. అందులో ఉండేవి సెకనుకి 44,100 కొలతలు, ఒక్కోటి 16 బిట్ల అంకె. ప్లేయరు బాగుంటే, చవకదైనా ఖరీదైనదైనా చదివేది అవే అంకెలు. ఆంప్లిఫయర్ సంగతీ అంతే. 1978లో నాడ్ కంపెనీ 3020 అని ఒక చవక మోడల్ తెచ్చింది. కాయితం మీద 20 వాట్లే, కానీ తనకంటే ఎన్నో రెట్లు ఖరీదైనవాటి పక్కన నిలబడిందని పేరు. 1987లో స్టీరియో రివ్యూ పత్రిక ఏ ఆంప్లిఫయరు మోగుతోందో చెప్పకుండా చవకవీ, వేల డాలర్లవీ వినిపిస్తే, తేడా ఉందని గట్టిగా నమ్మేవాళ్ళు కూడా నమ్మకంగా పోల్చలేకపోయారు. ఇలాంటి పరీక్షకి ఒక షరతుంది. రెండింటి శబ్దం సరిసమానంగా ఉండాలి. కాస్త ఎక్కువ మోగేది మన చెవికి మేలైనదిగా వినబడుతుంది, ఎక్కువ మోగుతోందని తెలియకుండానే. శబ్దం తగ్గితే చెవి కింది స్వరాలకి ఎక్కువ మొద్దుబారుతుందని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు. అందుకే నాబ్ కొంచెం తిప్పితే చాలు, బాస్ నిండుగా వచ్చేస్తుంది. షాపువాళ్ళకి ఇది ఫ్లెచర్ చెప్పక్కర్లేదు.

సరే. రెండేళ్ళ కింద సంక్రాంతికి నా సెట్టు చిన్నాయనకిచ్చేశాను. (ఇంకో మెట్టు పైది కొన్నానని వేరే చెప్పాలా?) తగిలించి ఘంటసాల పెట్టాం. ఆయన కళ్ళు మూసుకుని, పాట సగంలో చెయ్యెత్తి ఆపమన్నాడు. "అబ్బోడా, ఊపిరి తీసుకునేది వినపడుతుండాదిరా" అన్నాడు. చిన్నమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. నాకు ఛాతీ నిండిపోయింది. అక్కడితో ఊరుకుంటే పోయేది.

ఊరుకోలేదు. పరీక్ష చేద్దాం చిన్నాయనా అన్నాను. ఆయనకీ సరదా పుట్టింది, ఎంతైనా మెకానిక్కు. మైకుసెట్టు పెట్టెలోంచి పాత స్విచ్చు తీసి, రెండు ఆంప్లిఫయర్లనీ అవే స్పీకర్లకి కలిపాం. మీటరు పెట్టి రెండింటి వోల్టేజీ సమానం చేశాను. మధ్యలో దుప్పటి కట్టాం. నేను నాణెం ఎగరేసి, బొమ్మా బొరుసా చూసి స్విచ్చు మార్చడం, ఆయన "కొత్తది", "పాతది" అనడం. పాట మోగుతుండగానే మార్చేవాణ్ణి. ఆగితే పాతదాని సన్నటి హమ్ము దొరికిపోతుంది. మొత్తం 16 సార్లు. ఊరికే గుడ్డిగా చెప్పినా సుమారు 8 కుదురుతాయి. 12 దాటితేనే ఏదో వినబడుతోందని ఒప్పుకోవచ్చు.

ఆయనకి 7 వచ్చాయి.

వినిపించినవి మాయాబజార్ పాటలు. 1957 నాటి సినిమా, మోనో రికార్డింగు. రెండు స్పీకర్లలోంచీ వచ్చేది ఒకటే. పైపెచ్చు, పాతికేళ్ళు హారన్ల కింద పడుకున్న చెవులవి. రాకపోవడంలో వింతేం లేదు. ఆ తర్వాత చిన్నమ్మ చేత స్విచ్చు వేయించి నేనూ కూర్చున్నాను. నాకు 9. ముప్పై అయిదేళ్ళ చెవులు, నెల రోజుల చదువు, బోలెడు వెచ్చదనం, 9.

దుప్పటి తీశాక చిన్నాయన "ఎన్ని?" అన్నాడు. పిల్లాడు పరీక్ష రిజల్టు అడిగినట్టే ఉంది మొహం. 13 అన్నాను. "సూసినావా!" అని చిన్నమ్మ వైపు తిరిగాడు.

ఆయన సంతోషం కోసమే చెప్పానని చాలా రోజులు అనుకున్నాను. మన తర్కం చదివినవాళ్ళు తాడుని చూసి పామనుకున్నవాడి కథ చెప్తారు. పాము అబద్ధమైనా వాడికి పట్టిన చెమట నిజం. సంతోషానికీ ఇదే లెక్క వేశాను. ఊపిరి వినపడ్డం భ్రమే కానీ, విన్నవాడి ఒంటి మీద లేచిన రోమాలు భ్రమ కాదుగా. ఆ కథలో ఎవరో ఒకరు దీపం తెస్తారు, తేవాలని అందరూ ఒప్పుకుంటారు. పామనుకున్నాడు కాబట్టి సరిపోయింది. తాడుని చూసి పూలదండ అనుకుని, తీసి దేవుడి పటానికి వేసుకుని మురిసిపోతున్నవాడి ముందుకి దీపం తేవాలా అన్నది మాత్రం అంత తేలిగ్గా తేలదు.

రాబర్ట్ నోజిక్ 1974లో ఇలాంటిదే ఒక యంత్రం ఊహించాడు. అందులోకి దూరితే కోరుకున్న అనుభవాలన్నీ దొరుకుతాయి, ఏదీ నిజం కాదు, కాదని తెలియదు. దూరతారా? అని అడిగాడు. మేం ఆఫీసు క్యాంటీన్లో దీని మీద గంటలు గంటలు వాదించుకున్నాం. ఇప్పుడు చూస్తే ఆ ఊహలో ఒక సౌకర్యం ఉందనిపిస్తుంది. యంత్రంలోకి పోయినవాడు మళ్ళీ బయటికొచ్చి, ఆ నమ్మకం మీద ఆధారపడి బజార్లో ఏమీ చెయ్యడు. ఇంట్లో మనిషి అలా కాదు. నమ్మితే, దాని ప్రకారం నడుచుకుంటాడు.

చిన్నాయన నడుచుకున్నాడు. ఆ శివరాత్రికి పాత ఆంప్లిఫయర్ని, వాళ్ళమ్మాయి పేరున్నదాన్ని, ఘాట్ రోడ్డు పక్క అన్నదానం చేసేవాళ్ళకి ఊరికే ఇచ్చేశాడు. ఫోన్లో చెప్పాడు: "రెండెందుకురా, నువ్వే తేల్చితివి గదా, పదమూడని." నాకు నోట మాట రాలేదు. తన చేత్తో కట్టినది, తన చెవితో పోల్చి చూసినా తీసిపోనిది, దాన్ని తక్కువదని నమ్మించింది నేను. అయినా న్యాయంగా మాట్లాడుకోవాలి. నిశ్శబ్దంలో కొత్తదే నయం, హమ్ము లేదు. నిజం తెలిసినా ఆయన ఇచ్చేసేవాడేమో. కానీ అప్పుడు తెలిసి ఇచ్చేవాడు.

ఇంకా లోపలికి పోతే, అబద్ధం ఆయన కోసం కూడా కాదు. 7 అని చెప్తే ముందు ఓడిపోయేది నా బహుమతి. నేను పోసిన డబ్బు, నేను రాసిన వెచ్చదనం.

పుస్తకాలవాళ్ళం ఈ పరీక్షని ఎప్పుడో చూశాం. ఐ.ఏ. రిచర్డ్స్ కేంబ్రిడ్జిలో కవుల పేర్లు తీసేసి విద్యార్థులకి కవితలిచ్చి, ఏమనిపించిందో రాయమన్నాడు. ఆ రాతలు ముందేసుకుని 1929లో ప్రాక్టికల్ క్రిటిసిజం వేశాడు. పేరున్నవాళ్ళ పద్యాల్ని పిల్లలు చీల్చి చెండాడారు, అనామకుల్ని నెత్తికెత్తుకున్నారు. కాలేజీలో దాన్ని విమర్శ పాఠంగా చదువుకుని నవ్వుకున్నాను. ఆ విద్యార్థులకి తమ రాతలు అచ్చులో చూసుకున్నాక ఏమనిపించి ఉంటుందో అప్పుడు తట్టలేదు. పేర్లు తీసేసి నాకో పదహారు కవితలిస్తే? నేను మెచ్చుకున్న కవుల్లో ఎంతమంది దుప్పటి వెనక కూడా అలాగే వినబడతారు? ఒక స్నేహితుడు ఈ మాటే అంటే, పేరు కూడా కవితలో భాగమే అని ఎదురు వాదించాను. అది తప్పని ఇప్పటికీ అనుకోను. కూతురి పేరున్న రేకు ఆ ఆంప్లిఫయర్లో భాగం కాదని చిన్నాయనతో ఎవరు వాదించగలరు? అలాగైతే దుప్పటి కట్టడమే ఆయనకి అన్యాయం, అంకె సంగతి తర్వాత. ఈ వాదన నాకు మరీ అనుకూలంగా ఉంది కాబట్టి దీని మీద కూడా అనుమానమే.

చెప్పేస్తే పోదా అంటారు. చెప్పేసి బరువు దించుకోవడం కూడా నా కోసమే అవుతుంది కదా అని కొన్నాళ్ళు వాయిదా వేశాను. ఇది తెలివైన పిరికితనం. దీన్ని ఇక్కడ రాయడమూ అదే బాపతు. చిన్నాయన వెబ్ పత్రికలు చదవడు.

మొన్న శివరాత్రికి ఊరెళ్ళాను. పొద్దున్నే ఇద్దరం బండి మీద ఘాట్ వైపు పోయి పందిరి దగ్గర ఆగాం. పులిహోర పెట్టారు. కొత్త బాక్సులున్నాయి, కానీ కరెంటు సరిగ్గా లేక అవి మొరాయిస్తే పాతదాన్నే తగిలించారు. శివుడి పాటలు మోగుతున్నాయి. సన్‌మైకా ఒక మూల లేచింది, ఎర్ర పేరు అలాగే ఉంది. చిన్నాయన ఆకు చేత్తో పట్టుకుని, దాని ముందుకి పోయి తల వంచి కాసేపు విన్నాడు. వంగి ట్రెబుల్ నాబ్ కొంచెం తగ్గించాడు.

"బాగానే పలుకుతుండాదే!" అన్నాడు నా వైపు చూసి.

"నీకప్పుడు వచ్చింది పదమూడు కాదు చిన్నాయనా," అన్నాను.

మైకు గోలలో వినపడలేదేమో, చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని "ఏందీ?" అన్నాడు. పందిరి బయటికి నడవమని సైగ చేశాను.