బస్సు ఎన్నింటికి?

ప్రయాణంలో అన్నిటికన్నా కష్టమైన భాగం బయల్దేరడం కాదు, చేరడమూ కాదు. చూడవలసినవన్నీ చూసేశాక, తిరుగు ప్రయాణానికి ఇంకా వేళ కాక మిగిలిపోతాయే, ఆ నాలుగు గంటలు. పెళ్ళిలో అప్పగింతలు కూడా అయిపోయాక, బస్సొచ్చే లోపల విడిదింట్లో కూచునే గంటలాంటిదన్న మాట. సామాను కట్టేసి వుంటుంది. ఇంకో కాఫీ అడగడానికి మొహమాటం. నడుం వాలుద్దామంటే పరుపులు చుట్టేశారు.

ఆ గంటల్ని ఏం చేసుకోవాలన్నది పైకి చాలా చిన్న ప్రశ్న. ఈ సంక్రాంతి తరవాత నాకది ధర్మసందేహమై కూచుంది.

పండక్కి మా చెల్లెలు, మరిది, వాళ్ళ పన్నెండేళ్ళ అబ్బాయి డాలస్ నుంచి వచ్చారు. తిరిగి వెళ్ళేముందు పాపికొండలు చూడాలన్నారు. మా మరిది పద్ధతి గల మనిషి. ప్రయాణాన్ని వెనకనుంచి మొదలుపెట్టి లెక్క వేస్తాడు. శంషాబాద్‌లో విమానం గురువారం తెల్లవారుజామున నాలుగింటికి. అంటే మనబోటి వాళ్ళ లెక్కలో బుధవారం రాత్రే. ("గురువారం కదా అని గురువారం సాయంత్రం వెళ్ళినవాళ్ళున్నారు వదినా" అన్నాడు. ఉంటారు మరి, నేనైతే తప్పకుండా వెళ్ళేదాన్ని.) అర్ధరాత్రికి విమానాశ్రయంలో వుండాలి. మధ్యలో హైదరాబాదులో మా ఇంట్లో భోజనం. కనక భద్రాచలంలో బుధవారం మధ్యాహ్నం మూడింటికి కారెక్కాలి. బోటు ప్రయాణం మంగళవారం సాయంత్రం నాలుగున్నరకి ముగుస్తుంది. నడుమ ఇరవై రెండు గంటల పైచిలుకు మిగిలింది.

"అంత ఎడం ఎందుకు?" అంది చెల్లెలు.

ఆ మాటకి నేనే జవాబు చెప్పాను. గోదావరిని విమానం టికెట్టుతో ముడి పెట్టకూడదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఎన్ని ఇళ్ళు చీకటయ్యాయో మనకు తెలుసు. ఆ తరవాత చాలాకాలం బోట్లు ఆపేశారు. ఇప్పుడు కూడా నీటిమట్టం పెరిగిందంటే బోటు కదలదు. నది ఒప్పుకున్ననాడే వెళ్ళాలి, ఒప్పుకోకపోతే మర్నాటికి చోటుండాలి. రైలు సంగతి చూద్దామంటే 'భద్రాచలం రోడ్' అని పేరు పెట్టుకున్న స్టేషను నలభై కిలోమీటర్ల అవతల కొత్తగూడెంలో వుంది. పేరు చూసి టికెట్టు కొని, దిగాక గుడి గోపురం కోసం వెతుక్కునేవాళ్ళు ఇప్పటికీ వున్నారు. అందుకని ఒక రోజు చేతిలో వుంచుకోవడమే తెలివి.

కాని చేతిలో వున్న రోజుని ఏం చెయ్యాలి? మరిది కాగితం తీసి రాసేశాడు. ఆరింటికి గుడి. తొమ్మిదింటికి పర్ణశాల. పన్నెండింటికి కిన్నెరసాని డ్యాం. ఎక్కడా పది నిమిషాల ఖాళీ లేదు. "టైము వేస్టవకూడదు కదా వదినా" అన్నాడు.

మంగళవారం భద్రాచలం నుంచి పోచవరం వెళ్ళి బోటెక్కాం. 2014లో ఈ ప్రాంతాన్ని పంచారు కదా, భద్రాచలం ఊరు తెలంగాణలో వుండిపోయింది, ఊరు దాటగానే ఎటపాక దగ్గర ఆంధ్ర మొదలవుతుంది. కూనవరంలో శబరి వచ్చి గోదాట్లో కలవడం చూస్తూ వెళ్ళాం. బోటులో కొండలు దగ్గరపడుతున్నకొద్దీ నది ఇరుకై, నిశ్శబ్దమై, మనసు కూడా అలాగే అవుతుందేమో అనుకునేలోపల మైకు పెట్టి సినిమా పాటలకి డాన్సు మొదలుపెట్టారు. నది మీద కూడా మనిషిని ఊరికే కూచోనివ్వరు. పేరంటాలపల్లిలో దిగి మునివాటం చూశాం. కొండరెడ్ల ఆడవాళ్ళు వెదురుతో చేసిన పువ్వులు అమ్ముతున్నారు. రెండు కొన్నాం. బేరమాడకుండా కొన్నామని నా మనసులో కాస్త గర్వపడ్డాను కూడా.

నాలుగున్నరకి పోచవరం ఒడ్డున దిగాం. మా కారు లేదు. దారిలో టైరు పంక్చరైందనీ, స్టెప్నీలో కూడా గాలి లేదనీ, గంటన్నరలో వస్తాననీ డ్రైవరు ఎవరిచేతనో కబురంపాడు. ఫోన్లకి సిగ్నల్ లేదు. మిగతా యాత్రికులు వాళ్ళ వాళ్ళ బస్సుల్లో వెళ్ళిపోయారు. ఒడ్డు మీద ఒక టీ కొట్టు, నాలుగు కర్రల మీద నీలం పట్టా. అక్కడ బల్ల మీద కూలబడ్డాం.

టీలు తాగాం. ఇంకోసారి తాగాం. మరిది విమానంలో సీట్ల సంగతి చూద్దామని ఫోను పైకెత్తి సిగ్నల్ కోసం ఒడ్డంతా తిరుగుతున్నాడు. అబ్బాయి నీళ్ళలోకి రాళ్ళు విసురుతున్నాడు. నేను సంచీలోంచి వారపత్రిక తీశాను. కొట్టామె రెండుసార్లు నా దగ్గరికొచ్చి, "మీ బండి ఎప్పుడొస్తదమ్మా?" అని అడిగింది. "వస్తుంది, వస్తుంది" అన్నాను, పేజీలోంచి తల ఎత్తకుండా. మూడోసారి అడిగితే కాస్త విసుగు కూడా వచ్చింది. బల్ల మీద కూచున్నందుకేనా అని ఇంకో నాలుగు టీలు చెప్పాను. పొయ్యి ఆర్పేసినట్టుంది, మళ్ళీ రాజేసి పెట్టింది.

చీకటి పడ్డాక కారొచ్చింది. అప్పుడు చూశాను. ఆమె గబగబా గిన్నెలు గంపలో సర్ది, పట్టా దించి, టార్చి పట్టుకుని బయల్దేరుతోంది.

"ఇంత చీకట్లో ఎక్కడికి?" అంది చెల్లెలు.

"మా ఊరికే. ఆ గుట్టెనక. పొద్దుండంగనే పోత రోజూ."

"మరి ఇవాళ?"

"ఒడ్డు మీద ఎవరూ లేరు గద. ఆడోళ్ళు, పిల్లగాడు. ఇడిసిపెట్టి ఎట్ల పోత?"

కారులో దింపుతామంటే ఆ దారిన కారు పోదంది. చెల్లెలు ఐదొందల నోటు ఇవ్వబోతే టీల డబ్బులు లెక్క చూసి చిల్లర తిరిగిచ్చింది. పట్టా బదులు రేకులు వేసుకోవచ్చు కదా అని, ఏదో ఒకటి మాట్లాడాలి కనక, నేనన్నాను. "డ్యాం నీళ్ళొస్తయి, లేవాల్నంటరు. ఎప్పుడో చెప్పరు. ఏండ్ల సంది అదే మాట. రేకులేసుకుని ఏం జేత్తం?" అంటూ వెళ్ళిపోయింది.

కారులో ఎవరం మాట్లాడలేదు. గంటన్నరపాటు మేం పోగొట్టుకుంటున్నామనుకున్న కాలం మాది కాదు. అది ఆమెది. మాకు మిగులు, ఆమెకు అసలు. మేం అందులోంచి వాడుకుంటున్నామని కూడా మాకు తెలీదు. ఆమె మూడుసార్లు అడిగింది, మేం వెళ్ళాలని కాదు, తను ఎప్పుడు వెళ్ళచ్చో తెలుసుకుందామని. ఒక్కసారి తలెత్తి "నీకేమైనా ఆలస్యమవుతోందా?" అని నేనడిగి వుంటే సరిపోయేది.

ఇక ఆమె సంగతి అలా వుంచి, ఆమె ఊళ్ళ సంగతి చూడండి. 45.72 మీటర్ల ఎత్తున నీళ్ళు నిలబెట్టాలని కడుతున్న పోలవరం కింద ఈ ఒడ్డు ఊళ్ళు వున్నాయి. ఇల్లు బాగుచేసుకోవాలా వద్దా, మామిడి మొక్క నాటాలా వద్దా, పిల్ల పెళ్ళి ఈ ఊళ్ళో చెయ్యాలా కొత్త ఊళ్ళో చెయ్యాలా తెలియకుండా ఏళ్ళు గడుస్తాయి. బండి ఎప్పుడొస్తుందో తెలీని బల్ల మీద ఊళ్ళకి ఊళ్ళే కూచున్నాయి. గంటన్నరకే మాకు కాళ్ళు పీకాయి.

మన తెలుగులో 'కాలక్షేపం' అని ఒక మాట వుంది. ఇప్పుడు బఠాణీలకీ, పేకాటకీ వాడుతున్నాం గాని, 'హరికథా కాలక్షేపం' అన్నప్పుడు దానికి వేరే మర్యాద వుండేది. నలుగురు కలిసి కూచుని, వేళని మంచిగా గడపడం దాని అర్థం. వేళ గడవడంలో నలుగురున్నారన్న సంగతి మనం మరిచిపోయాం. బుధవారం పొద్దున్న గుళ్ళో కూచుని కూడా ఇదే అనుకున్నాను. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న గోల్కొండ బందీఖానాలో పన్నెండేళ్ళు గడిపి రామదాసుగా నిలిచిపోయాడని చెప్పుకుంటాం. ఆ పన్నెండేళ్ళూ ఇంటి దగ్గర ఇల్లాలు ఎలా గడిపిందో నేను విన్న హరికథల్లో ఎవరూ చెప్పలేదు. నిరీక్షణ ఎప్పుడూ ఒక్కరిది కాదు.

అసలు ఆ కొట్టామె ప్రశ్న నన్నంతగా ఎందుకు పట్టుకుందో ఇప్పుడు చెప్పాలి.

మా అమ్మ ఖమ్మంలో వుండేది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి వచ్చినప్పుడు మా బంధువులు పిల్లాపాపలతో మా ఇంటికొచ్చి చాలా రోజులున్నారు. నాకప్పుడు ఆరేళ్ళు. "మీరెప్పుడు వెళతారు?" అని ఒకావిడని అడిగితే, అమ్మ నన్ను లోపలికి తీసికెళ్ళి తొడపాశం పెట్టింది. ఇంటికొచ్చిన మనిషిని అడగకూడని మాట అదొక్కటేనంది.

అలాంటి అమ్మ, పెళ్ళయ్యాక నేను హైదరాబాదు నుంచి వెళితే, చెప్పులు విప్పేలోపల అడిగే మొదటి మాట, "బస్సు ఎన్నింటికే?"

నాకు చివుక్కుమనేది. పైగా చెప్పుకోడానికి సిగ్గుగా వుంది గాని, ఆ ఇంట్లో మధ్యాహ్నాలు నాకు బరువుగా వుండేవి. వచ్చిన పని అయిపోయేది, భోజనాలయ్యేవి, బస్సుకి ఇంకా మూడు గంటలుండేది. అమ్మ చెప్పిన కబుర్లే చెప్పేది. అందుకని అబద్ధం ఆడడం మొదలుపెట్టాను. ఏడింటికి రిజర్వేషన్ చేయించుకుని అయిదింటికని చెప్పేదాన్ని. ఆ రెండు గంటలు ఖమ్మం బస్టాండులో నవల చదువుకుంటూ కూచునేదాన్ని. ఎవరికి నష్టం అనుకున్నాను.

ఒకసారి మా పక్కింటావిడ నన్ను బస్టాండులో చూసింది. ఆరున్నరప్పుడు. పలకరించి వెళ్ళిపోయింది.

అమ్మ ఏమీ అనలేదు. కాని ఆ తరవాత వెళ్ళినప్పుడు బస్సు ఎన్నింటికని అడగలేదు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ ప్రశ్నకి అర్థం, పొమ్మనడం కాదనీ, తనకెంత దక్కుతుందో కొలుచుకోవడమనీ, పోచవరం ఒడ్డున ఒక తెలియని మనిషి మూడుసార్లు అడిగితే గాని నా బుర్రకెక్కలేదు.

పర్ణశాల చూసి పదకొండింటికి భద్రాచలం తిరిగొచ్చాం. మరిది కాగితం తీసి, "కిన్నెరసాని" అన్నాడు. చెల్లెలు డ్రైవర్ని అడిగింది, "మీ ఇల్లెక్కడ నాయనా?" అని. బూర్గంపాడు దగ్గరట, వంతెన దాటితే చాలట. మూడురోజులుగా మాతోనే వున్నాడు, ఇంటి మీదుగా పోతూనే వున్నాడు, మేం అడగలేదు, అతను చెప్పలేదు. "మూడింటికి రా. అంతదాకా ఇంటి దగ్గరుండు" అంది. మరిది ఒక్క క్షణం కాగితం వంక చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ నాలుగు గంటలు మేమేం చేశామంటే, ఏమీ చెయ్యలేదు. కరకట్ట మీద కూచున్నాం. తండ్రీ కొడుకులు వంతెన చూడ్డానికి వెళ్ళారు. 1965లో ఆ వంతెన రాకముందు అమ్మ చిన్నప్పుడు పడవ కోసం అవతలి ఒడ్డున పూటల తరబడి కూచునేవాళ్ళమని చెప్పేది. అది గుర్తొచ్చి, దానితోపాటు బస్టాండు సంగతి చెల్లెలికి చెప్పేశాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

తిడుతుందనుకున్నాను. చాలాసేపు నీళ్ళవైపు చూసి, "నేనూ అంతేనక్కా" అంది. "వెళ్ళేటప్పుడల్లా ఎయిర్‌పోర్టు నించి ఫోన్ చేసేదాన్ని కదా. రెండు నిమిషాలు మాట్లాడి, బోర్డింగ్ మొదలైందమ్మా, పెట్టేస్తానని చెప్పేదాన్ని. ఇంకా గంట వుండేది."

మనకి మిగిలిన గంట ఎవరిదో ఒకరిది అయి వుంటుంది. దాన్ని ఎలా నింపాలని ఆలోచించే ముందు, అది ఎవరిదని ఒక్కమాట అడగడం మంచిదని నాకనిపిస్తోంది. జవాబు ఒక్కోసారి "నాదే" అని కూడా రావచ్చు. అప్పుడు నిశ్చింతగా వారపత్రిక తెరుచుకోవచ్చు.

డ్రైవరు మూడింటికి పావుగంట ముందే వచ్చేశాడు, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని. వాళ్ళావిడ మా కోసం అరిసెలు పంపింది. "ఇంకా టైముంది కదయ్యా, ఇంకాసేపు వుండాల్సింది" అన్నాను.

"మీ విమానం ఎన్నింటికో మా అమ్మ అడిగిందమ్మా" అన్నాడు. "తెల్లారుజామున నాలుగింటికని చెప్పాను. అయితే ఇప్పుడే పొమ్మని తోలేసింది."