బొమ్మలోని పల్లె, కుట్టులోని తీరిక: స్మృతి, శ్రమ, ఋణం

పాత పల్లె జీవితాన్ని చేతితో చేసిన బొమ్మల రూపంలోనో, సూదిపని రూపంలోనో ఇంట్లో నిలుపుకోవడం నేటి మధ్యతరగతి అభిరుచులలో ఒకటి. రోకలి ఎత్తిన స్త్రీ, చల్ల చిలుకుతున్న గృహిణి, ఎడ్లబండి, తాడిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు, అద్దాలు కుట్టిన సంచి, లేసు అల్లిన బల్లగుడ్డ చూసేవారిలో ఒక ఆత్మీయతను కలిగిస్తాయి. ఆ ఆత్మీయత నైతికంగా ఎంతవరకు నిలుస్తుందన్నది ఈ వ్యాసం పరిశీలించదలచిన ప్రశ్న. పల్లెలోని పనిని చూపి, ఆ పనిలోని బరువును చూపని కళావస్తువు ఎవరికైనా అన్యాయం చేస్తున్నదా? చేస్తున్నట్లయితే ఆ అన్యాయం గతించినవారికా, జీవించి ఉన్నవారికా?

విజయవాడకు సమీపంలోని కొండపల్లి బొమ్మలతో ఈ చర్చను ప్రారంభించవచ్చు. ఇక్కడి కళాకారులు వాడే తెల్లపొణికి కర్ర మెత్తనిది, తేలికైనది. దానిని ఆరబెట్టి, వేడిచేసి తేమ పోగొడతారు. శరీరభాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. సున్నపు పూత ఆరిన తరువాత రంగులు వేస్తారు. దశావతారాలు, అంబారీ ఏనుగు వంటి వాటితో పాటు గ్రామవృత్తుల బొమ్మలు కూడా ఈ సంప్రదాయంలో ప్రసిద్ధమైనవి. దంపుడు బొమ్మలో రోకలి ఎప్పుడూ పైకి ఎత్తే ఉంటుంది, రోటిలో పడదు. భుజాల నొప్పి, దంచిన బియ్యం ఎవరి గాదెకు చేరుతాయన్న ప్రశ్న బొమ్మలోకి రావు. ఇక్కడ శ్రమ భంగిమగా మారింది. భంగిమకు అలసట ఉండదు.

ఈ లోపాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న విషయంలో రెండు భిన్న దృక్పథాలు కనిపిస్తాయి. ఆనంద కుమారస్వామి 1909లో వెలువరించిన ‘ది ఇండియన్ క్రాఫ్ట్స్‌మన్’ గ్రంథంలో గ్రామ వ్యవస్థలోని చేతిపనివారికి వంశపారంపర్యమైన స్థానమూ భద్రతా ఉండేవని, వారి పని విశ్వాసం నుంచి వేరుపడలేదని భావించాడు. ఈ దృష్టితో చూసినవారికి కొండపల్లి బొమ్మ ఒక సమగ్ర జీవితానికి మిగిలిన గుర్తు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ప్రసంగించిన అంబేడ్కర్ గ్రామాన్ని సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నెలవుగా విమర్శించాడు. ఈ దృష్టితో చూసినవారికి అదే బొమ్మ ఒక కఠిన వాస్తవంపై పూసిన రంగు. మొదటి దృష్టి పనిలోని అర్థాన్ని గుర్తిస్తుంది కాని పనివారికున్న ఎంపికను అడగదు. రెండవది ఆ ఎంపికను అడుగుతుంది. అయితే దానిని యథాతథంగా బొమ్మకు వర్తింపజేస్తే, బొమ్మ చెక్కిన నైపుణ్యాన్ని కూడా అబద్ధంగా కొట్టివేసే ప్రమాదముంది.

బొమ్మ నివేదిక కాదు. గ్రామం ఇట్లా ఉండేదని అది సాక్ష్యం చెప్పదు. కనుక బొమ్మను అసత్యమని నిందించడం తర్కానికి నిలవదు. సత్యాసత్యాలు తలెత్తేది బొమ్మను ఆధారం చేసుకొని చూపరి చేసే తీర్మానంలో. కాబట్టి పరిశీలించవలసింది బొమ్మ రూపాన్ని మాత్రమే కాదు, దానిని నిలబెట్టిన చోటును, చూసే అలవాటును కూడా.

బొమ్మల కొలువు దీనికి తగిన ఉదాహరణ. కొన్ని ప్రాంతాలలో సంక్రాంతికీ, కొన్ని ప్రాంతాలలో దసరాకూ మెట్లపై బొమ్మలను తీర్చి, పేరంటం చేసి, పిల్లలకూ ఇరుగుపొరుగువారికీ చూపుతారు. దేవతామూర్తుల సరసన గ్రామవృత్తుల బొమ్మలు కూడా కొలువుదీరుతాయి. ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. పాత ఊరిలో కులనియమం వల్ల ఏ వృత్తులవారికి పై కులాల ఇళ్ళలో గడప లోపల చోటు లేదో, ఆ వృత్తుల బొమ్మలకు అదే ఇంటి కొలువులో చోటు దొరికే అవకాశం ఉంది. దీనిని రెండు విధాలుగా వ్యాఖ్యానించవచ్చు. సమాజం నిరాకరించిన సహవాసాన్ని ఆచారం కనీసం కొయ్యలోనైనా ఊహించిందనడం ఒకటి. మనిషిని బయట నిలిపి బొమ్మను లోపలికి తెచ్చుకోవడం వల్ల మనిషికి చెల్లవలసిన మర్యాద చెల్లినట్లు భ్రమ కలిగిందనడం మరొకటి. రెండవ వ్యాఖ్యానం కఠినమైనదే కాని దానిని తోసిపుచ్చలేము. ప్రతిరూపం పట్ల ప్రేమ, మూలరూపం పట్ల బాధ్యతకు ప్రత్యామ్నాయంగా మారినప్పుడు ఆ ప్రేమ నైతికంగా శూన్యమవుతుంది.

తెలుగు సాహిత్యంలో ‘బొమ్మ’ అన్న పదప్రయోగం కూడా ఈ సందర్భంలో గమనించదగినది. అందమైన బాలికను పుత్తడిబొమ్మ అనడం ప్రశంస. గురజాడ ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’లో ఆ ప్రశంసకు చాటున ఉన్న క్రౌర్యం బయటపడుతుంది. వృద్ధునికి కట్టబెట్టిన ఆ బాలిక చివరకు కొలనులో ప్రాణం విడుస్తుంది. బొమ్మగా చూడడమంటే అందాన్ని ఒప్పుకోవడం, ఇష్టాయిష్టాలను అడగకపోవడం. పల్లెను బొమ్మగా చూడడంలోనూ ఈ ప్రమాదమే ఉంది.

ఇంతవరకు చర్చించిన అన్యాయం గతానికి సంబంధించినదిగా కనిపించవచ్చు. సూదిపని వద్దకు వచ్చేసరికి అది వర్తమానానికి చెందినదని తేటపడుతుంది. గోదావరి డెల్టాలోని నరసాపురం ప్రాంతపు లేసు అల్లిక అనాదిగా వస్తున్న గ్రామకళ కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చి, క్రమంగా ఎగుమతి వ్యాపారంగా విస్తరించింది. మారియా మీస్ 1982లో ప్రచురించిన ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అధ్యయనం ఇక్కడి స్త్రీల స్థితిని విశ్లేషించింది. వారు ప్రపంచ విపణికి సరుకు తయారుచేస్తున్నా సమాజం వారిని గృహిణులుగానే, వారి పనిని తీరికవేళ వ్యాపకంగానే పరిగణించిందని, అత్యల్ప ప్రతిఫలానికి ఈ భావన ఊతమిచ్చిందని ఆమె నిరూపించింది.

అరుగు మీద కూర్చొని నిదానంగా దారం అల్లుకుంటున్న పల్లె ఇల్లాలి చిత్రం చూడటానికి ఎవరికీ హాని చేయనిదే. కాని ఆ చిత్రం ‘తీరిక’ అన్న మాటను వెంట తెస్తుంది. తీరికగా చేసినదానికి కూలి లెక్క అవసరం లేదన్న తీర్మానానికి అక్కడి నుంచి ఒక్క అడుగే దూరం. వంట, పిల్లల పెంపకం మధ్య మిగుల్చుకున్న గంటలు, దీపం వెలుగులో అలసిన కళ్ళు ఆ మాట కింద కనుమరుగవుతాయి. పాత పల్లె గురించిన మధుర భావన గతాన్ని వర్ణించి ఊరుకోదు; నేటి పనికి వెల కట్టడంలోనూ పాలుపంచుకుంటుంది. మొదట వేసిన ప్రశ్నకు సమాధానం ఇక్కడ లభిస్తుంది. గతించినవారికి మన వర్ణన వల్ల కొత్తగా కష్టం కలగదు. అదే వర్ణన నీడలో బతుకుతున్నవారికి కలుగుతుంది.

దీని నుంచి తప్పించుకోవడానికి కొందరు అమ్మకానికి చేసిన వస్తువును తక్కువగా, సొంతవారికోసం చేసినదాన్ని స్వచ్ఛంగా భావిస్తారు. లంబాడీ స్త్రీలు తమ ఫేటియా, కాంచళీలపై అద్దాలు, గవ్వలు కూర్చి కుట్టిన పని ఒకప్పుడు ధరించేవారి కోసమే. ఎద్దుల బిడారులతో ధాన్యం, ఉప్పు మోసిన ఆ సంచార సమాజపు కుట్టును స్థిరమైన పల్లె జీవితానికి చిహ్నంగా చూడడమే ఒక చారిత్రక విస్మృతి. రైళ్ళు, రహదారులు ఆ రవాణా వృత్తిని దెబ్బతీశాయి. నేడు ఆ కుట్టు సంచులపై, దిండు గలేబులపై కనిపిస్తుంది. ఈ మార్పును కేవలం పతనంగా చూడడం న్యాయం కాదు. పాత చీరలు పొరలుగా పేర్చి అవ్వలు కుట్టిన బొంతకు వెల లేదు. అందులోని శ్రమకు గుర్తింపూ లేదు. ప్రేమతో చేసినది కనుక లెక్కించకూడదన్న వాదన లెక్క చెల్లించవలసినవారికే ఎక్కువ అనుకూలం. కుట్టిన స్త్రీ తన పనికి ధర అడగడం ప్రేమకు లోటు కాదు, తన కాలంపై తన హక్కును ప్రకటించడం.

ఈ పరిశీలన వల్ల స్మృతికి సంబంధించి రెండు వైఖరులను వేరు చేయవచ్చు. మొదటిది స్వామ్య స్మృతి: గతం నాది, దానిని అందంగా అలంకరించుకుంటాను అన్న వైఖరి. రెండవది ఋణ స్మృతి: నన్ను పోషించిన పనికి నేను బాకీ ఉన్నాను అన్న వైఖరి. భారతీయ చింతన మనిషి పుట్టుకతోనే దేవ, ఋషి, పితృ ఋణాలతో పుడతాడని చెప్పింది. దంచినవారికి, నేసినవారికి, కుట్టినవారికి ఉన్న ఋణాన్ని ఆ వరుసలో చేర్చి ఆలోచించవలసిన అవసరం ఉంది. ఋణం పొగడ్తతో తీరదు. బొమ్మలో కనిపించే చేయి, దానిని చెక్కిన చేతిని గుర్తుచేసినప్పుడు ఆ కళావస్తువు న్యాయబద్ధమైన స్మృతికి దారితీస్తుంది. మొదటి చేతిని మెచ్చుకుంటూ రెండవ చేతితో బేరమాడే చూపరి పల్లెను ప్రేమిస్తున్నాడని అనలేము.

ఈ ప్రమాణం సాహిత్య విమర్శకూ వర్తిస్తుంది. పల్లెను వర్ణించిన కావ్యాన్ని, కథను పరిశీలించేటప్పుడు వర్ణన సహజంగా ఉన్నదా అన్న ప్రశ్నతో ఆగకుండా, అందులో రోకలి కిందికి దిగుతున్నదా, దంచిన స్త్రీకి మాట ఉన్నదా, ఆ బియ్యం ఎవరు తిన్నారో పాఠకుడికి తెలుస్తున్నదా అని కూడా అడగాలి. బొమ్మ ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పలేదు. చెప్పవలసిన బాధ్యత దానిని ఇంటికి తెచ్చుకున్నవారిది.