సహనమా, మౌనమా?

గత నెల జుహర్ నమాజు తర్వాత ఒక యువకుడు నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు. సలాం చెప్పి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "మౌలానా! నా పైవాడు చేసేది బయట చెప్పుకుంటే గీబత్ (పరోక్ష నింద) అవుతుందా?" అని అడిగాడు.

అతను ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాడు. మాట్లాడేటప్పుడు కాస్త నత్తి. అక్కడి మేనేజరు ఆ నత్తి మీదే ఒక పేరు పెట్టి, గిరాకీల ముందు కూడా ఆ పేరుతోనే పిలుస్తాడట. ఎవరో చేసిన తప్పుకు ఇతని జీతంలో కోత. దుకాణం కట్టేశాక కూడా ఏదో వంకతో నిలబెట్టడం. తోటివారు మొదట్లో నవ్వేవారు కాదట, ఇప్పుడు నవ్వుతున్నారు. ఇంట్లో తండ్రి మాత్రం, "సబ్ర్ చెయ్యి బేటా, రోజీ ఇచ్చేవాడు అల్లాహ్" అంటున్నారు.

తండ్రి మాట తప్పని నేననను. కాని సబ్ర్ అంటే నోరు మూసుకోవడమేనా?

ముందు ఒక సంగతి. పనిలో పొరపాటు జరిగితే యజమాని గట్టిగా చెప్పడం వేధింపు కాదు. ఆ మాట పొరపాటుతోనే ఆగిపోతుంది. వేధింపు పనిని వదిలేసి మనిషిని పట్టుకుంటుంది. అతని రూపం, నత్తి, పేదరికం, కులం, ఊరు దాని సరుకు. ఒకసారితో పోదు, నలుగురి ముందే జరుగుతుంది. దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో పరిహాసాన్ని, ఎత్తిపొడుపును, చెడ్డపేర్లతో పిలవడాన్ని అల్లాహ్ ఒకేచోట నిషేధించాడు. నేనూ పాఠం చెప్పే తొలి రోజుల్లో ఒక పిల్లవాడికి సరదాగా పేరు పెట్టాను. ఏడాదంతా తరగతి మొత్తం వాణ్ణి అలాగే పిలిచింది. సరదా నాది, ఏడుపు వాడిది.

హజ్రత్ మూసా (అ) గాథ చూడండి. తన నాలుక ముడి విప్పమని ఆయన దుఆ చేశారు. ఫిరౌన్ సరిగ్గా ఆ మాటనే పట్టుకొని, స్పష్టంగా మాట్లాడలేనివాడని జనం ముందు ఎగతాళి చేశాడు. మూసా (అ) ఒంటరిగా వెళ్ళలేదు, సోదరుడు హారూన్ (అ)ను తోడుగా ఇమ్మని అల్లాహ్‌ను కోరారు. మృదువుగా మాట్లాడమన్న ఆజ్ఞతో వెళ్ళారు, కాని చెప్పవలసింది చెప్పారు. తోడు అడగడం పిరికితనమైతే ఒక ప్రవక్త అడిగేవారా? అంతకుముందు ప్రాణభయం కలిగినప్పుడు ఆయన ఈజిప్టు విడిచి మద్‌యన్ చేరారు. అక్కడ ఆయనను పనిలో పెట్టుకున్న పెద్దమనిషి, నిన్ను కష్టపెట్టే ఉద్దేశం నాకు లేదని ముందే మాట ఇచ్చారు. యజమానుల్లో ఆ రకం వారూ ఉంటారు. కాబట్టి వేరే పని వెతుక్కోవడం ఓటమి కాదు. కాకపోతే కొత్త పని చేతికి రాకముందే ఉన్నది వదిలేయమని, పిల్లలున్న వాడికి నేను చెప్పలేను.

ఇక గీబత్ ప్రశ్న. అన్యాయానికి గురైనవాడు గొంతెత్తవచ్చని నిసా సూరాలో మినహాయింపు ఉంది. ఇమామ్ నవవీ (రహ్మ) గీబత్‌కు అనుమతి ఉన్న ఆరు సందర్భాలు చెబుతూ, బాధితుడు న్యాయం చేయగలవారికి చెప్పుకోవడాన్ని మొదట పేర్కొన్నారు. అయితే టీ కొట్టు దగ్గర మేనేజరు ఇంటి గుట్టు విప్పడం ఈ అనుమతిలోకి రాదు. ఈ రెంటి మధ్య గీత సన్ననిది, జాగ్రత్త అవసరం.

అప్పు తీసుకుంటే రాసుకోండి, సాక్షుల్ని పెట్టుకోండి అని అల్లాహ్ ఆదేశించాడు. ఈ విషయంలోనూ అదే పద్ధతి మేలు. ఏ తేదీన ఏమన్నాడు, ఎవరు విన్నారు, ఎంత కోశాడు - ఆ రాత్రే రాసుకోవాలి. తర్వాత మేనేజరు పైనున్న యజమానికి చెప్పాలి. అన్యాయంగా కోసిన జీతం కోసం కార్మిక శాఖ అధికారి దగ్గరకు వెళ్ళవచ్చు. మన ఆడపడుచుల విషయంలో లైంగిక వేధింపుల మీద 2013 నాటి చట్టం ఉంది. పది మంది లేక అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట ఫిర్యాదు వినే కమిటీ తప్పనిసరి. మామూలుగా మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. పరువు పోతుందని తల్లులే ఆ గడువు దాటబెడుతున్నారు.

ఆ నవ్విన తోటివారి సంగతి నన్ను ఎక్కువగా బాధించింది. దౌర్జన్యపరుడికి కూడా సాయం చేయమని, అంటే అతని చేయి పట్టి ఆపమని దైవప్రవక్త (సఅసం) బోధించారు. నవ్వకుండా ఉండటానికి ఉద్యోగం పోదు కదా!

ఆ యువకుడు లేస్తూ, "ఇవన్నీ అబ్బాజాన్‌కు మీరే చెప్పండి" అన్నాడు. శుక్రవారం ఇద్దరినీ రమ్మన్నాను.