అనుసరణ, అభిరుచి, బాధ్యత: మైక్రోబ్లాగింగ్‌పై ఒక నైతిక పరిశీలన

మైక్రోబ్లాగింగ్ పట్ల గల ఆకర్షణకు క్లుప్తతే కారణమని సాధారణంగా చెబుతారు. ఈ అభిప్రాయం పాక్షిక సత్యం మాత్రమే. 2006లో ప్రారంభమైన ట్విట్టర్ తొలి ఏళ్లలో విధించుకొన్న 140 అక్షరాల హద్దు ఏ సౌందర్య సూత్రం నుంచీ పుట్టలేదు. సెల్‌ఫోన్ సందేశానికి ఉన్న 160 అక్షరాల పరిమితిలో 20 రాసేవారి పేరుకు కేటాయించగా మిగిలినది అది. 2017లో అది 280 అయింది. పైగా అక్కడ లెక్కించే అక్షరం మన వ్యాకరణం చెప్పే అక్షరం కాదు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికి మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుణింతపు గుర్తు కలిసి ఆరు స్థానాలు ఖర్చవుతాయి. తత్సమ పదబహుళమైన శైలికి ఈ కొలత మరీ ఇరుకు. అయినా తెలుగువారు అక్కడ రాస్తూనే ఉన్నారు. కనుక ఆకర్షణకు మూలాన్ని మరొకచోట వెతకవలసి ఉంటుంది.

అది అనుసరణ స్వభావంలో ఉందని ఈ వ్యాస ప్రతిపాదన. ఫేస్‌బుక్‌లో స్నేహానికి ఇరువురి అంగీకారం కావాలి. ట్విట్టర్‌లో బహిరంగంగా రాసేవారిని అనుసరించడానికి ఆ అవసరం లేదు. శాసనలిపిపై ఆసక్తి గలవారు ఒక శిలపై అరిగిపోయిన వరుస ఛాయాచిత్రాన్ని అందరి ముందు పెడతారు. ఎక్కడో ఉన్న పాఠకుడు దానిని చూస్తాడు. పరిచయం చేసుకోనక్కరలేదు, బదులివ్వనక్కరలేదు. వినమని ఎవరినీ నిర్బంధించకుండా చెప్పడం, చెప్పమని ఎవరినీ అడగకుండా వినడం ఇక్కడ సాధ్యమైనాయి. ఋణభారం లేని ఈ సంబంధం నైతికంగా విలువైనదే. ఊళ్లో తన అభిరుచిని పంచుకొనే మనిషి ఒక్కరూ లేనివారికి దాని విలువ మరింత బాగా తెలుస్తుంది.

శ్రమ లేని ప్రసారానికి విలువ ఏమిటన్న ఆక్షేపణ ఉంది. చాటుపద్యాలు కూడా నోటినుంచి నోటికి పాకినవే. వేటూరి ప్రభాకరశాస్త్రి సంకలనం చేసేనాటికి వాటిలో చాలావాటి కర్తృత్వం సందిగ్ధంలో పడింది. అయితే చాటువును వినిపించేవాడు ముందు దానిని కంఠస్థం చేయాలి. కర్త పేరు జారిపోయినా, సభలో చదివినవాడు తన అభిరుచికి తాను పూచీ పడేవాడు. రీట్వీట్ మీట నొక్కేవాడికి ఆ శ్రమ లేదు. కర్త పేరు మాత్రం చెక్కుచెదరదు. నష్టం, లాభం రెండూ ఉన్నాయి. శ్రమ తగ్గినా పూచీ పూర్తిగా పోలేదు: ఒకరు మరొకరి మాటను ముందుకు పంపినప్పుడు, ఎందుకు పంపావని అడగడానికి అక్కడ ఒక మనిషి ఉంటాడు.

అసలు చిక్కు ఆ మనిషి తప్పుకొన్నప్పుడు వస్తుంది. 2015లో ట్విట్టర్ నక్షత్రపు గుర్తును తీసి హృదయపు గుర్తు పెట్టింది. పలువురు తమకోసం గుర్తుగా దాచుకొనే సాధనం మెచ్చుకోలు ప్రకటనగా మారింది. 2016లో కాలక్రమాన్ని పక్కనపెట్టి, పాఠకుడికి నచ్చుతుందని యంత్రం ఊహించినదాన్ని ముందు చూపడం ఆరంభించింది. ఎంచుకొన్నవారిని వినడం అనుసరణ అయితే, ఎంపికనే మరొకరు చేసిపెట్టే ఏర్పాటుకు ఆ పేరు ఎంతవరకు తగుతుంది? మన ఎంపికలు మనల్ని ఒకే గాడిలో ఉంచుతాయని, యంత్రం కొత్తదారి చూపుతుందని వాదించవచ్చు. కొత్తదారులు దొరకడం నిజమే. కానీ ఆ దారి ఎందుకు చూపావని యంత్రాన్ని నిలదీయలేము.

అభినవగుప్తుడు సహృదయత్వాన్ని కావ్యానుశీలన అభ్యాసంతో ముడిపెట్టాడు. రుచి పుట్టుకతో వచ్చే సొత్తు కాదు, దేనితో నిత్యం మెలగుతామో దానివల్ల ఏర్పడుతుంది. ఆ దృష్టితో చూస్తే రోజూ ఎవరి మాట వింటున్నామన్నది కాలక్షేపపు ప్రశ్న కాదు. చెప్పేవాడి రుచికీ ఇదే వర్తిస్తుంది. మెచ్చుకోళ్ల లెక్క కళ్లెదుట ఉన్నప్పుడు, అరిగిన శాసనపంక్తికి బదులు అందమైన గోపురం ఛాయాచిత్రం పెట్టాలనిపించడం సహజం. (గోపురంపై ఎవరికీ పగ లేదు.) కొన్నాళ్లకు ఆ వ్యక్తి శాసనాలను చూసే చూపే మారవచ్చు.

2016లోనే వచ్చిన మాస్టొడాన్ కాలక్రమాన్ని నిలుపుకొంది. సాధారణంగా 500 అక్షరాల వరకు అనుమతిస్తుంది. అక్కడ శ్రోతలు తక్కువ. ఆ కొద్దిమంది ఎదుట లిపిపరిశోధకుడు ఒక పాఠాన్ని ఇంకా తేలని పాఠంగానే ఉంచి, ఈ అక్షరం ‘ప’యా, ‘వ’యా అని అడగగలడు.