మాటకు మైల ఎట్లు అంటును?

ధ్యానమునకు: యెషయా 54:4; లూకా 10:25–37; యాకోబు 3:9, 10



ఇంట బియ్యము అయిపోయినప్పుడు మన తల్లులు "అయిపోయినవి" అని చెప్పరు; "నిండుకొన్నవి" అందురు. దీపము ఆరినదనరు, కొండెక్కినదందురు. రాత్రివేళ పామును పాము అనక పురుగు అందురు. ఊరికి బయలుదేరువాడు "పోయెదను" అనరాదు. "పోయి వచ్చెదను" అనవలెను. కీడు మాట నోట రానిచ్చుటకు ఇంత జంకు మన జనము, తోటి మనుష్యుని నొప్పించు మాటలను ఏ జంకును లేక పలుకుచున్నది. ఈ నెల ఈ సంగతినే మీతో కలిసి ఆలోచింపగోరుచున్నాము.

కొన్ని నెలల క్రిందట ఒక శనివారము సాయంకాలమున మా గుడి గంట వేళగాని వేళ మ్రోగెను. వెళ్లి చూడగా పదేండ్ల బాలుడొకడు గంట తాడు పట్టుకొని ఊగుచుండెను. "దిగరా వెధవా!" అని కేక వేసితిమి. వాడు దిగి పరుగెత్తెను. వాని తల్లి అప్పుడు గుడి వసారా ఊడ్చుచుండెను. ఆమె భర్త చనిపోయి ఏడాది కూడ నిండలేదు. ఆమె చీపురు ఆపి, తల ఎత్తకయే, "వెధవను నేనండి అయ్యగారూ, వాడు కాదు" అనెను. పిమ్మట మరల ఊడ్చుకొనసాగెను.

మాకు నోట మాట రాలేదు. వేదాంత పాఠశాలలో గ్రీకు మాటల మూలములు వెదకి నేర్చినవారమే గాని, దినమునకు నాలుగుసార్లు మా నోట వచ్చు తెలుగు మాట ఏ ఇంట పుట్టినదో ఆమె చెప్పువరకు మేము తలంపనే లేదు. మరునాడు ఆరాధన అయిన తరువాత మా ఇంటివారిని వెంటబెట్టుకొని వెళ్లి క్షమించుమని అడిగితిమి. "మీరొక్కరే అన్నారా అయ్యగారూ? నేనూ వాణ్ణి రోజుకు పదిసార్లు అంటాను. నిన్ననే ఎందుకో ఆ మాట నా చెవిన పడింది" అని ఆమె చెప్పెను.

ఆమె చెప్పినది నిజము. విధవ అను మాటయే జనుల నోట నలిగి వెధవ ఆయెను. విధవ అనగా భర్తను పోగొట్టుకొనిన స్త్రీ. ఇందులో తిట్టు ఏమున్నది? అది ఒక దుఃఖము పేరు. కాని ఆమె ఎదురు వచ్చిన ప్రయాణము చెడునని, ఆమె చేయి తగిలిన శుభకార్యము పాడగునని లోకము తలంచినందున, ఆ దుఃఖము పేరే తిట్టు ఆయెను. మాటలో మైల లేదు. మనుష్యులు ఆమెను చూచిన చూపులోని మైల మాటకు అంటుకొనెను.

ఇంకొక మాట కలదు. తల గొరిగింపబడిన విధవరాలినిబట్టి పుట్టిన రెండక్షరముల మాట అది. దానిని ఈ పత్రికలో అచ్చు వేయుటకు మాకు చేయి రాదు, మీకు తెలియును. ఈ రెండు మాటలును ఒకే కన్నీటినుండి పుట్టినవి. అయినను వెధవ అను మాట మగపిల్లల మీదికి మళ్లి మెత్తబడినది. తాతలు ముద్దుకు కూడ ఆ మాట అందురు. రెండవ మాట ఆడుదాని మీదనే నిలిచి, ఆమె నడవడిని నిందించు బూతుగా కరకుబారెను. మాట ఎవరి మీద పడుచున్నదో దానినిబట్టి దాని పదును మారుచున్నది.

విధవల పునర్వివాహమునకు 1856లోనే చట్టము అనుమతించెను. 1881 డిసెంబరు 11న వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరములో మొదటి పునర్వివాహము జరిపించిరి. ఇప్పుడు కాగితములలో వితంతువు అని మర్యాదగా వ్రాయుచున్నారు. చట్టము మారెను, కాగితము మీది పేరు మారెను, తిట్టు మాత్రము మన ఇండ్లలో మిగిలెను. తల గొరిగించు ఆచారము మన పల్లెలది కానే కాదు. మన పెద్దలలో అనేకులకు మారుమనువు ఉండెను. ఇతరుల ఇండ్లలోని స్త్రీల దుఃఖమునుండి పుట్టిన తిట్టును మనము అరువు తెచ్చుకొని, మన పిల్లల మీద వాడుకొనుచున్నాము.

ప్రియులారా, పేరు చేయు గాయము ఎట్టిదో మనకు ఒకరు చెప్పవలెనా? మన పెద్దల కులము పేర్లే ఇతరుల నోట తిట్లుగా వాడబడెను. పంచములనిరి. 1917లో బెజవాడ సభకు అధ్యక్షులైన భాగ్యరెడ్డివర్మగారు ఆ పేరును త్రోసివేసిరి. ఆది ఆంధ్రులమని చెప్పుకొనిరి. తరువాత గాంధీగారు హరిజనులు అను పేరును వ్యాప్తిలోనికి తెచ్చిరి. 1933లో ఆ పేరుతోనే పత్రిక పెట్టిరి. ఆయన మేలు కోరియే అట్లు పిలిచిరి. అంబేద్కరుగారు దానిని అంగీకరింపలేదు. 2017లో సుప్రీంకోర్టు ఆ మాట ఇప్పుడు అవమానించుటకే వాడబడుచున్నదని చెప్పెను. దేవుని ప్రజలు అను అర్థముగల మాట కూడ ఎట్లు తిట్టాయెనో చూచితిరా? కుండ కడుగక క్రొత్త పాలు పోసినయెడల ఆ పాలును విరుగును.

అయితే పేరు మార్చుట వ్యర్థమందుమా? అనము. దళితుడు అనగా నలుగగొట్టబడినవాడు. ఎవరో దయతో ఇచ్చిన మంచి పేరు నిలువలేదు గాని, ఈ నొప్పి పేరును జనులు తామే ఎత్తుకొని తల ఎత్తి నిలిచిరి. మనుష్యుని ఏమని పిలువవలెనో మొదట అతనినే అడుగవలెనని దీనినుండి నేర్చుకొనుచున్నాము.

తిట్టుగా ఉన్న మాట గౌరవమునకు ఎక్కుటయు కలదు. మన ప్రభువు దినములలో సమరయుడు అనునది యూదుల నోట నింద. ప్రభువునే ఆ మాటతో నిందించిరని యోహాను 8:48లో చదువుచున్నాము. దొంగలచేత కొట్టబడినవాని ఉపమానము ముగించి, వీరిలో పొరుగువాడు ఎవడని ఆయన అడుగగా, ధర్మశాస్త్రోపదేశకుడు సమరయుడని చెప్పలేదు. కనికరము చూపినవాడని మాత్రము చెప్పెను. అతని నాలుకకు ఆ పేరు రాలేదు కాబోలు! నేడో, ఆసుపత్రులకు ఆ పేరు పెట్టుచున్నారు. మన దేశములో 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము, రోడ్డు మీద గాయపడినవానికి సాయపడువానిని గుడ్ సమారిటన్ అని పిలిచి కాపాడుచున్నది. ప్రభువు ఆ పేరును మార్చలేదు. ఆ మనుష్యుని ఘనపరచెను. పేరు దానంతట అదే కడుగబడెను.

"మేము తిట్టవలెనని అనలేదు, అలవాటుగా వచ్చినది" అని మీరనవచ్చును. మేమును ఆ శనివారము అట్లే అనుకొంటిమి. తెలియక పలికిన తాతను దోషియని మేము అనము. కాని తెలిసిన తరువాత అలవాటు అనునది సాకు మాత్రమే. మాటలు దినదినము మారుచుండును. నేటి మంచి మాట రేపు చెడవచ్చును. అన్నిటిని జాబితా వ్రాసి కంఠస్థము చేయలేము. ఒక పరీక్ష మాత్రము చేసికొనవచ్చును: ఈ మాట ఎవరి దుఃఖమునుండి పుట్టెనో, వారు ప్రక్కన నిలిచి వినుచుండగా మనము దీనిని పలుకగలమా? పలుకలేకపోతిమా, వారు లేనప్పుడును అది తగని మాటయే.

నాలుక ఒక్కటే చాలదు. మన క్రైస్తవుల పెండ్లిండ్లలో కూడ, పెండ్లికూతురిని చేయు వేళ విధవరాలైన తల్లి తలుపు చాటున నిలుచుట మేము చూచుచున్నాము. కని పెంచి, కూలి డబ్బుతో చీర కొని తెచ్చిన ఆ తల్లి, కూతురి నొసట చేయి పెట్టుటకు భయపడుచున్నది. ఆమె అక్కడ నిలిచియున్నంతకాలము వెధవ అను మాటను నోటనుండి తీసివేసినను, మరియొక మాట దాని చోటికి వచ్చును. మోయాబీయురాలైన విధవరాలు రూతును ప్రభువు తన వంశావళిలో చేర్చుకొనలేదా? వైధవ్యపు నింద ఇక జ్ఞాపకమునకు రాదని యెషయా ద్వారా దేవుడు వాగ్దానము చేయలేదా?

కాబట్టి ఈ ఏడు మీ ఇంట పెండ్లి జరిగినయెడల ఆ తల్లిని ముందుకు పిలువుడి. మొదటి దీవెన ఆమె నోటనుండి రానిండు. మా మట్టుకు మేము, ఆ బాలుని ఇప్పుడు పేరు పెట్టి పిలుచుచున్నాము. గంట కొట్టు పని వానికే అప్పగించితిమి. వేళ తప్పక కొట్టుచున్నాడు.

మన నోటిని, మన చూపును ప్రభువు శుద్ధిచేయును గాక. ఆమేన్.